అమ్ముడుపోని ఇంటి బావి

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడుగుతుంటారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు అనుభవాలు భోజనానికి ముందు చెప్పేవి కావు, తర్వాత చెప్పేవీ కావు. అందుకని ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఒకటి రాస్తున్నాను. గుంటూరు బ్రాడీపేటలో, అడుగు స్థలం కోసం జనం ఎగబడుతున్న రోజుల్లో, ఒక పాత ఇల్లు ఎందుకు అమ్ముడుపోలేదన్న సంగతి ఇది. ఇళ్ళ బేరాలకూ శానిటరీ ఇన్‌స్పెక్టరుకూ ఏమిటి సంబంధం అంటారేమో. ఆ ఇల్లు అమ్ముడుపోకుండా చేసింది నేనే. ఇందులోని మనుషుల్లో నేను తప్ప ఎవరూ మిగల్లేదు కనుక రాయడానికి ధైర్యం చాలింది. అయినా పేర్లు రాయను.

అది మంగళూరు పెంకుల ఇల్లు. ముందు రెండు గదులు అద్దెకిచ్చి, వెనక వంటింట్లో, వసారాలో ఒకావిడ ఉండేది. భర్త పత్తి జిన్నింగు మిల్లులో మేస్త్రి. మిల్లులో జబ్బుపడి పోయాడు. పిల్లలు లేరు. తెలుగు తప్ప వేరే మాట రాని సాయిబుల ఇంటి ఆడపడుచు. వీధిలో అందరూ మేస్త్రమ్మ అనేవారు. ఆ ఇంటికి ఉన్న ఆస్తల్లా పెరట్లో ఒక జామచెట్టు, దాని పక్కన ఒక రాతి బావి.

ఆ బావి విలువ ఇప్పటివాళ్ళకు అర్థం కాదు. గుంటూరులో చాలా బావులు ఉప్పునీళ్ళవి. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికి కూడా పలుకుగానే ఉంటుంది. ఆ వీధికి అప్పటికి కుళాయిలు రాలేదు. మేస్త్రమ్మ బావి నీళ్ళలో మాత్రం పప్పు వెన్నలా ఉడికేది. పదిళ్ళవాళ్ళు బిందెలు తెచ్చుకుని తోడుకుపోయేవారు. ఆవిడ ఎవరినీ వద్దనలేదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

పక్కనే ఒక ప్లీడరు గారు కొత్తగా మేడ కట్టారు. వాళ్ళ పెరట్లోనూ అదృష్టం కొద్దీ మంచినీళ్ళు పడ్డాయి. చుట్టూ సిమెంటు గట్టు, గిలక, పైన రేకు, చూడముచ్చటైన బావి. ఇంటి లోపలే మరుగుదొడ్డి కట్టించి సెప్టిక్ ట్యాంకు పెట్టించారు. ఆ వీధిలో అదే మొదటిది. దాన్ని చూడ్డానికి చుట్టపక్కాలు పని గట్టుకుని వచ్చేవారు. ట్యాంకు నుంచి పొంగే నీళ్ళు ఇంకిపోవడానికి పెరట్లో ఒక గుంట తవ్వించారు. అది వాళ్ళ బావికి నాలుగు బారల దూరంలో కూడా లేదు. నేను అది చూశాను. చూసి, మేడ ఎంత బాగుందో అనుకుని వచ్చేశాను.

ఆ ప్లీడరు గారికి ఆరేళ్ళ కూతురు. పక్కింటికి వెళ్ళొద్దని ఇంట్లో ఎంత చెప్పినా జామకాయల కోసం మేస్త్రమ్మ పెరట్లోకి వెళ్ళేది. యాభైల మొదట్లో ఒక ఏడు, తొలకరి వానలు పడ్డ వారంలో, ప్లీడరు గారింట్లో వంటవాడికి వాంతులు పట్టుకున్నాయి. మర్నాడు వాళ్ళ బండివాడికి. ఆ సాయంత్రానికి పాపకు. కలరా. మగవాళ్ళిద్దరూ బతికారు. పాప ఆసుపత్రిలో మరునాటి మధ్యాహ్నానికి పోయింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. నాతో ఒక ఆఫీసు జవాను ఉండేవాడు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. పుగాకు నములుతూ, ఏ బావిలో ఎన్ని నిలువుల నీళ్ళున్నాయో కంటితో చూసి చెప్పేవాడు. ఎన్ని దోసిళ్ళ బ్లీచింగు పొడి కలపాలో వాడి చేతికి తెలుసు, నాకు పుస్తకం తెలుసు. బయట నేను వాడికి ఆఫీసరును. పనిలో వాడే నాకు గురువు.

పాప రెండు బావుల నీళ్ళూ తాగేది కనుక, బ్లీచింగు వెయ్యకముందే రెండిటిలోనూ నీళ్ళు పట్టి మద్రాసు ప్రయోగశాలకు పంపమన్నారు మా హెల్తాఫీసరు గారు. రెండు సీసాలు పట్టాను. మా సీనియరు ఇన్‌స్పెక్టరు ఒకాయన నాకు మొదటి రోజే చెప్పాడు, "జిగురును నమ్మొద్దు, సీసా మెడకు చెక్కబిళ్ళ కట్టి దాని మీద రాయి" అని. ఆ రోజు బిళ్ళల కోసం వెతికే ఓపిక లేదు. కాగితం ముక్కల మీద పేర్లు రాసి జిగురుతో అంటించి, ఐసు ముక్కలూ రంపపు పొట్టూ నింపిన చెక్కపెట్టెలో పెట్టాను. సాయంత్రం మెయిలు బండికి పంపడానికి నేనూ జవానూ రిక్షాలో స్టేషనుకు వెళ్ళాం.

పార్సెలు ఆఫీసులో ఆఖరిసారి చూద్దామని మూత తీశాను. ఐసు కరిగి పొట్టు ముద్దయింది. రెండు లేబుళ్ళూ ఊడిపోయి అడుగున నీళ్ళలో తేలుతున్నాయి.

జవాను పెట్టెలోకి వంగి చూశాడు. "ఏది ఎవురిదయ్యా?" అన్నాడు.

"ఎడమ పక్కది మేస్త్రమ్మది. నాకు గుర్తుందిలే."

"పెట్టె దించేటప్పుడు ఇటు తిప్పి పట్టుకున్నానో, అటు తిప్పి పట్టుకున్నానో నాకే తెలవదు. నీకెట్టా గుర్తుంటదయ్యా?"

బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. గుమాస్తా తొందరపెడుతున్నాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ నీళ్ళు పడదామంటే ఆపాటికి రెండు బావుల్లోనూ మా వాళ్ళే బ్లీచింగు కలిపేసి ఉంటారు. తప్పు ఒప్పుకుంటే ఆఫీసరు గారి చేత చీవాట్లు. గుమాస్తా దగ్గర జిగురు అడిగి, లేబుళ్ళు తుడిచి, ఎడమ సీసాకు మేస్త్రమ్మ పేరు, కుడి సీసాకు ప్లీడరు గారి పేరు అంటించాను. బండి వెళ్ళిపోయింది. నా గుండె దడదడ కూడా బండితోనే పోయింది. అంత తేలిక మనిషిని.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. ప్లీడరు గారి బావి శుభ్రం. మేస్త్రమ్మ బావిలో విషం.

ఆఫీసరు గారు చదివి, "అనుకున్నదే" అన్నారు. నిజానికి నేనూ అదే అనుకున్నాను. ఒకవైపు పాచి పట్టిన రాళ్ళు, ఎప్పుడూ తడిగా ఉండే పెరడు, పది రకాల బిందెలు. మరోవైపు తెల్లటి సిమెంటు గట్టు. రిపోర్టు తారుమారుగా వచ్చి ఉంటే, లేబుళ్ళ సంగతి నేనే స్వయంగా ఆఫీసరు గారికి చెప్పి మళ్ళీ పరీక్ష చేయించేవాణ్ణి. నా కళ్ళు నమ్మినదాన్నే కాగితం కూడా చెప్పేసరికి నోరు మెదపలేదు. ఇది చదివే కుర్రవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మనకు నచ్చని రిపోర్టును నాలుగుసార్లు తరచి చూస్తాం. నచ్చినదాన్ని ఒక్కసారి కూడా చూడం.

కొంచెం బుర్ర పెట్టి ఆలోచించినా తెలిసి ఉండేది. మేస్త్రమ్మ నీళ్ళు తాగే ఇళ్ళు పది. ఆ పదిళ్ళలో ఒక్కరికీ కడుపునొప్పి కూడా రాలేదు. జబ్బుపడ్డ ముగ్గురూ ప్లీడరు గారి గడపలోని వాళ్ళే. ఎవరో అడిగారు కూడా. వంటవాడూ బండివాడూ చుట్ట కాల్చుకోవడానికి మేస్త్రమ్మ పెరట్లోకి పోతారట, అక్కడే తాగి ఉంటారు అని ఎవరో జవాబూ చెప్పారు. అందరికీ సరిపోయింది.

మేస్త్రమ్మ బావి మీద బల్లలు కొట్టించి, ఎర్రరంగుతో "ఈ నీళ్ళు తాగరాదు" అని రాయించాను. రాస్తున్నంతసేపూ ఆవిడ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. పని అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు పొద్దున నేనే గ్లాసుతో నీళ్ళిచ్చా నాయనా. దాహమంటే ఇచ్చా" అంది. నేను తల వంచుకుని వచ్చేశాను.

ఆరునెలలకు బల్లలు తీయించాం. బిందెలు మాత్రం మళ్ళీ రాలేదు. ముందు గదుల్లో అద్దెకున్నవాళ్ళు అప్పటికే ఖాళీ చేసి వెళ్ళారు. కొత్తవాళ్ళు రాలేదు. అద్దె లేక ఇంటికి మరమ్మతు లేదు. పెంకులు జారాయి, సున్నం పెళ్ళలుగా రాలింది, ముందు గది పైకప్పు వాసాలు కుంగాయి. బ్రాడీపేటలో అటూ ఇటూ మేడలు లేస్తుంటే మధ్యలో అది ఒక పాడుపడిన కొంపలా మిగిలింది.

నేను చేసింది ఇంకొకటుంది. ప్లీడరు గారి బావి శుభ్రమని రిపోర్టు వచ్చిందా. అయినా నేను వారం వారం జవాను చేత అందులో బ్లీచింగు వేయించేవాణ్ణి. "ముందు జాగ్రత్త" అని ప్లీడరు గారికి చెప్పేవాణ్ణి. ఏ అనుమానమూ లేని మనిషి ఆ పని ఎందుకు చేస్తాడు? జవాను పొడి కలుపుతూ ఒకసారి నా మొహంలోకి చూసి పుగాకు ఉమ్మేశాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, హైకోర్టు గుంటూరులో పెట్టాక బ్రాడీపేట దశ తిరిగింది. ఎక్కడెక్కడి వకీళ్ళూ, గుమాస్తాలూ దిగారు. గొడ్లసావిడికి కూడా సున్నం కొట్టి ఇల్లని అమ్మినవాళ్ళున్నారు. అప్పుడే మేస్త్రమ్మ ఇల్లు అమ్మకానికి పెట్టింది. కళ్ళకు పొరలు కమ్ముకొస్తున్నాయి. సత్తెనపల్లిలో చెల్లెలుంది. ఆమె ఇంటి పక్కనే చిన్న ఇల్లు కొనుక్కుని, చూపు పూర్తిగా పోకముందు చెల్లెలి దగ్గరికి చేరాలని ఆవిడ ఆశ.

బ్రోకరు వారానికి ఇద్దరు ముగ్గురిని తెచ్చేవాడు. స్థలం బాగుంది, తూర్పు ముఖం, పక్కన పెద్దమనుషులు. ఇల్లు పడగొట్టి కట్టుకోవచ్చు. ఆడవాళ్ళు కొంగున మూటగట్టి పిడికెడు కందిపప్పు తెచ్చుకునేవారు. ఇల్లు కొనేముందు నీళ్ళు చూడ్డానికి మా వైపు అదే పద్ధతి. పెరట్లో కుంపటి పెట్టి, ఆ బావి నీళ్ళతో పప్పు ఉడికించి, వేలితో నలిపి చూసి మురిసిపోయేవారు. బయానా రేపు తెస్తామని చెప్పి పోయేవారు. పోతూ పోతూ పక్కింటివాళ్ళతో ఒక మాట మాట్లాడేవారు. అంతే, మళ్ళీ వచ్చేవారు కాదు.

ఒకరోజు జవాను ఆఫీసు వరండాలో నన్ను ఆపాడు. రిటైరవడానికి వాడికి ఇంకా కొద్ది నెలలే ఉంది.

"అయ్యా, మేస్త్రమ్మ ఇల్లు ఈసారీ తప్పిపోయింది. వచ్చినోళ్ళు పప్పు గిన్నె కూడా కడక్కుండా పోయారంట."

"ఏం చేస్తాం."

"ఏం చేస్తామా? ఆ సీసాలు నువ్వూ నేనూ చూశాం. నేను చదువు లేనోణ్ణి, నా మాట ఎవురూ వినరు. నేను పోయేలోగా నువ్వన్నా ఒకసారి ఆ నీళ్ళు మళ్ళీ పట్టించు. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

వాడు నా కాళ్ళు పట్టుకోవలసిన మనిషి కాదు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ప్లీడరు గారి బావిలో బ్లీచింగు మాన్పించి, ఎవరూ తాగకుండా బావి శుభ్రం చేస్తున్నామని చెప్పి పదిహేను రోజులు వాళ్ళింటికి వేరే వీధి కుళాయి నుంచి నీళ్ళు మోయించాను. ఒక పెద్ద వాన పడ్డాక రెండు బావుల్లోనూ నీళ్ళు పట్టాను. ఈసారి సీసాల గాజు మీద ఆకురాయితో గీతలు పెట్టాను. మెడకు బిళ్ళలు కట్టాను. పైన లేబుళ్ళు కూడా అంటించాను. పెట్టె స్టేషను దాకా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

రిపోర్టు నేనే విప్పాను. మేస్త్రమ్మ బావి నీళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. ప్లీడరు గారి బావిలో మరుగుదొడ్డి మురుగు దిగుతోంది.

ఆరోజే వెళ్ళి ప్లీడరు గారితో ఇంకుడు గుంట పెరటి చివరికి మార్చాలని చెప్పాను. "ఇదేం రూలండీ, ఎప్పుడొచ్చింది?" అన్నారు ఆయన. కొత్తగా వచ్చిందన్నాను. ఆయన విసుక్కుంటూనే మార్పించారు. బయటికి వచ్చాక జవాను, "ఎప్పుడొచ్చిందయ్యా?" అన్నాడు. ఇవాళ పొద్దున అన్నాను. చాలాకాలానికి వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పాప ఎవరి నీళ్ళు తాగి పోయిందో ఇక నాకు అనుమానం లేదు.

ఆ నెలలోనే కనిగిరి నుంచి ఒక రిటైరైన హెడ్మాస్టరు వచ్చాడు. కొడుకు హైకోర్టులో పనిచేస్తున్నాడు. కనిగిరిలో నీళ్ళ కోసం పడ్డ పాట్లు ఆయనకు ఒంట్లో ఇంకిపోయి ఉన్నాయి. మేస్త్రమ్మ బావి నీళ్ళు చేద ఎత్తుకుని తాగి, "అమ్మా, ఈ కొంప నేను కొనడం లేదు, ఈ బావిని కొంటున్నాను" అన్నాడట. వీధిలోవాళ్ళు చెప్పింది విన్నా లెక్కచెయ్యలేదు. ఇబ్బంది ఆయన భార్యతో వచ్చింది. ఆయన నన్ను వెతుక్కుంటూ మా ఆఫీసుకు వచ్చాడు.

"చూడండి ఇన్‌స్పెక్టరు గారూ, ఇప్పుడు నీళ్ళు బాగున్నాయని నాకు మీరు చెప్పక్కర్లేదు. నేనే తాగాను. మా ఆవిడ భయం అది కాదు. పసిపిల్లను పొట్టన పెట్టుకున్న బావి ఉన్న పెరట్లో నా మనవల్ని తిరగనివ్వనంటుంది. ఆ రోజు పాప పోయింది ఈ నీళ్ళ వల్ల కాదని మీరు ఒక్క ముక్క రాసివ్వగలిగితే, రేపు మంగళవారం పోయాక బుధవారం బయానా ఇస్తాను. లేకపోతే కొనలేను. ఆవిడను ఏడిపించి ఆ ఇంట్లో కాపురం పెట్టలేను."

నేను రెండు రోజులు ఆలోచించాను. రాసిస్తే నా ఉద్యోగం పోవచ్చు. నాకప్పటికి ముగ్గురు పిల్లలు. రాయకపోతే ఆ ముసలావిడ ఆ శిథిలంలోనే గుడ్డిదై పోతుంది. బుధవారం పొద్దున్నే కూర్చుని రాశాను. సీసాల లేబుళ్ళు ఊడిపోయిన సంగతి, తోచినట్టు అంటించిన సంగతి, రెండో పరీక్ష సంగతి, అన్నీ. కింద సంతకం పెట్టాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని జవానును వెంటపెట్టుకుని వెళ్ళాను.

మేస్త్రమ్మ వసారాలో బియ్యం చెరుగుతోంది. హెడ్మాస్టరు గారు ఇంకా రాలేదు. కూర్చోమని పీట వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ చేట ఒళ్ళోనే ఉంది, చేతులు మాత్రం ఆగిపోయాయి.

"అంటే నేనిచ్చిన గ్లాసు కాదా నాయనా?"

"కాదమ్మా."

"నిజంగానా? నా కోసం చెబుతున్నావా?"

జవాను కింద కూర్చుని, "నిజమేనమ్మా. నేనూ ఉన్నా అక్కడ. తప్పు మాదే" అన్నాడు.

ఆవిడ ఏడ్చింది. చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత చెప్పింది. "బల్లలు తీసేశాక నేనొక్కదాన్నే ఆ నీళ్ళు తాగానయ్యా. ఆ పాపని తీసుకుపోయిన నీళ్ళు నన్నెందుకు తీసుకుపోవో చూద్దామని తాగా. రోజూ తాగా. ఏమీ కాలా. అల్లా నన్ను ఇట్టా ఉంచి శిక్ష వేస్తన్నాడనుకున్నా."

క్షమించమని అడుగుదామని వెళ్ళాను, ఆ మాట అడిగే మొహం కూడా లేదనిపించింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మరి పాప ఎవురి నీళ్ళు తాగి పోయింది?" అంది.

నేను పక్క గోడ వైపు చూశాను. ఆవిడకు సరిగ్గా కనిపించదు. అయినా అర్థమైంది.

"ఆ కాగితంలో అది కూడా రాశావా?"

"రాయకుండా కుదరదమ్మా. విషం తేలిన సీసా మీది కాదంటే అది వాళ్ళదే అవుతుంది. అది చదివితే ఎవరికైనా తెలుస్తుంది."

ఆవిడ గోడకు తల ఆనించి కూర్చుంది. గోడ అవతల ప్లీడరు గారి భార్య నీళ్ళు తోడుకుంటున్న గిలక చప్పుడు వినిపిస్తోంది. ఎంతమంది పనివాళ్ళున్నా తాగే నీళ్ళు ఆవిడే తోడేది. మడి.

"ఆ తల్లి ఇన్నేళ్ళుగా నాతో మాట్టాడదు" అంది మేస్త్రమ్మ. "నేను వీధిలోకొస్తే తలుపేసుకుంటది. ఏయనీ. నా మీద కోపం ఉంది కాబట్టే నిలబడింది. తన చేత్తో తోడిన నీళ్ళే తన బిడ్డకి పోశానని తెలిస్తే ఆ బావిలోనే పడిపోద్ది. ఆ కాగితం చింపెయ్యి నాయనా."

"మరి ఇల్లమ్మా? సత్తెనపల్లి?"

"ఇల్లు నిలబడినన్నాళ్ళు ఉంటది. నా మీద పడేదేముంది. నాకు తెలిసింది కదా నేను కాదని. నాకు అది చాలు. నువ్వు చెప్పబట్టి నాకింక అన్నం సయిస్తది. ఆవిడకి మాత్రం చెప్పమాక."

నేను వాదించాను. మీ తప్పు లేనిది మీరెందుకు మోయాలన్నాను. ఆవిడ ఒకే మాట అంది. "మోయటం నాకు అలవాటైపోయింది. ఆవిడకి అలవాటు లేదు."

జేబులోంచి కాగితం తీసి చింపాను. ఇక్కడ ఒక నిజం రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. చింపుతున్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఊరట. నా ఉద్యోగం ఉంటుంది. ఆ ముసలావిడ పెద్దమనసులో నేను నా చిన్నతనాన్ని దాచుకున్నాను. జవాను నా చేతిలోని కాగితం ముక్కలు తీసుకుని పొయ్యిలో వేసి వచ్చాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నాతో మామూలుగానే ఉన్నాడు గానీ, పని లేని మాట ఒక్కటీ మాట్లాడలేదు.

కాసేపటికి హెడ్మాస్టరు గారు వచ్చాడు. రాసివ్వడానికి ఏమీ లేదని చెప్పాను. ఆయన నన్నూ మేస్త్రమ్మనూ మార్చి మార్చి చూశాడు. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, ఏదో ఉందని గ్రహించాడు, అడగలేదు. బావి దగ్గరికి వెళ్ళి చేదతో నీళ్ళు తోడుకుని కడుపునిండా తాగి, "పోయొస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు. తర్వాత వేరే వీధిలో ఉప్పునీళ్ళ బావి ఉన్న ఇల్లు కొన్నాడని విన్నాను.

ఆ మరుసటి ఏడే హైకోర్టు హైదరాబాదు తరలిపోయింది. కొనేవాళ్ళ హడావిడి తగ్గింది. మేస్త్రమ్మ ఇల్లు అడిగే నాథుడే లేకపోయాడు. ముందు గది కూలిపోయింది. నేను అప్పుడప్పుడు వెళ్ళి పెంకులు సర్దించేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా ఆ నీళ్ళు తాగేవాణ్ణి. వీధిలోవాళ్ళు చూసేలా అరుగు మీద నిలబడి తాగేవాణ్ణి. ఇన్‌స్పెక్టరుకు పిచ్చి అన్నారే తప్ప ఎవరూ బిందె తీసుకురాలేదు. చివరి రెండేళ్ళు ఆవిడకు చూపు పూర్తిగా పోయింది. చెల్లెలి కొడుకు వచ్చి సత్తెనపల్లి రమ్మంటే, చేతిలో పైసా లేకుండా ఒకరి మీద ఆధారపడి ఉండలేనని వెళ్ళలేదు. అరవైల్లో ఒక వేసవిలో ఆ వసారాలోనే పోయింది.

చెల్లెలి కొడుకు స్థలాన్ని వచ్చినకాడికి ఒక కంట్రాక్టరుకు ఇచ్చేశాడు. ఇల్లు పడగొట్టారు. ఆ వీధికి అప్పటికి కుళాయిలు వచ్చేశాయి గనుక బావి పూడ్చడానికి మా ఆఫీసు అనుమతి అడిగారు. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. చూడ్డానికి వెళ్ళాను. కూలీలు పాత గోడల మట్టీ పెంకులూ తెచ్చి బావిలో పోస్తున్నారు.

ప్లీడరు గారి భార్య తన పెరటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి గోడ దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ నాతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇన్‌స్పెక్టరు గారూ, మిమ్మల్ని ఒక్క మాట అడగాలండీ."

"అడగండమ్మా."

"మా వంటవాడు చాదస్తుడండీ. ఆ ముసలమ్మ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. చచ్చినా ఆ ఇంటి నీళ్ళు ముట్టడు. మొన్న వాడు పోయేముందు కూడా అదే చెప్పాడు. మరి వాడికెందుకు వచ్చిందా అని ఈ మధ్య పడుకుంటే నిద్ర పట్టడం లేదు." ఆవిడ పూడుతున్న బావి వైపు చూసింది. "మా పాపను తీసుకుపోయింది ఈ బావే కదండీ?"

మేస్త్రమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. నిజం చెప్పడానికి ఇక అడ్డు ఎవరూ లేరు.

"ఈ బావేనమ్మా" అన్నాను. "రిపోర్టు నేనే చూశాను."

ఆవిడ కళ్ళు మూసుకుని, "అంతే లెండి, అంతే" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఆ బావి పూర్తిగా పూడేదాకా అక్కడే నిలబడి, పూడ్చడం అయిందని కాగితం మీద రాసి సంతకం పెట్టి వచ్చాను.